పోలీసు ఈలకు ఆగిన మనిషి

మా తోడల్లుడి కొడుకు కానిస్టేబులుగా సెలక్టయ్యాడు. ట్రైనింగుకు పోయే ముందు మా రాచర్ల ఇంటికి వచ్చి, కాళ్లకు దండం పెట్టి, సర్వీసులో ఎంతమంది దొంగల్ని పట్టుకున్నావు పెదనాయనా అని అడిగాడు. పట్టుకున్నవాళ్ల సంగతి చెబితే పట్టుకోనివాళ్ల సంగతి కూడా అడుగుతాడని భయపడి, ముందు కాఫీ తాగమన్నాను. వాడు వెళ్లాక ఆలోచిస్తే, వాడికి చెప్పాల్సింది దొంగల గురించి కాదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా చేరే పిల్లలు ఎవరైనా చదవొచ్చు. పై అధికారులు చదవకపోయినా ఏమీ అనుకోను, నేను సర్వీసులో ఉండగా రాసినవీ వాళ్లు చదవలేదు.

ఉద్యోగం అంటే నిలబడటం

సినిమాల్లో పోలీసు పరుగెత్తుతాడు, గోడలు దూకుతాడు. అసలు పోలీసు నిలబడతాడు. త్రిపురాంతకంలో శివరాత్రికి నిలబడతాడు. మార్కాపురంలో తేరు కదిలేటప్పుడు నిలబడతాడు. మంత్రి గారు పొద్దున వస్తారంటే తెల్లవారక ముందు నుంచి నిలబడి, ఆయన రావడం లేదని మధ్యాహ్నం తెలిశాక కూడా, వెళ్లిపొమ్మని ఆర్డరు రాలేదు కాబట్టి ఇంకాసేపు నిలబడతాడు. దీన్నే బందోబస్తు అంటారు. నేను కానిస్టేబులుగా చేరి మార్కాపురంలో ట్రాఫిక్ ఎస్సైగా రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. నిలబడే చోటు మారింది, అంతే.

నిలబడేవాడికి ప్రభుత్వం ఒక ఈల ఇస్తుంది. ఆ ఈల గురించి ట్రైనింగులో చాలా చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, దానికి ఎవరూ ఆగరు. ఈల వినగానే ఆటో స్పీడు పెంచుతుంది, ముందు పోలీసు ఉన్నాడని తెలిసింది కదా. బస్సు డ్రైవరు నేను పలకరించాననుకుని చెయ్యి ఊపుతాడు. మోటారు సైకిలు మీద ముగ్గురుంటే చివరివాడు దిగి, పెద్దమనిషిలా నన్ను దాటి నడిచిపోయి, మలుపులో మళ్లీ ఎక్కుతాడు. గేదెలు ఆగుతాయి. అవి ఈల లేకపోయినా రోడ్డు మధ్యలోనే ఆగుతాయి.

ఇన్నేళ్లలో పోలీసు ఈలకు నిజంగా ఆగిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె పేరు చెన్నమ్మ.

మంచి పని కూడా ఆర్డరుగానే వస్తుంది

ఒకరోజు మా పెద్దసారు అందరినీ పిలిపించారు. ఆయన పేరూ హోదా చెప్పను, పెద్దసారు అంటే చాలు. చెడ్డవాడు కాదు. ఫోటోలో బాగా పడే మనిషి. అందువల్ల ఫోటోకు బయట ఉన్న ప్రపంచం మీద ఆయనకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. పై నుంచి ఆర్డరు వచ్చిందన్నారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులకు మద్దతుగా పోలీసులు కాగడా పట్టుకుని ఊరి మధ్య పరుగెత్తాలి. చాలా దేశాల్లో ఇలా చేస్తారట. జనం చూస్తారు, తలా ఇంత చందా ఇస్తారు, ఆ డబ్బుతో వాళ్లు పోటీలకు పోతారు. మంచి పనే. మా డిపార్టుమెంటులో మంచి పని కూడా ఆర్డరు వేషంలో వస్తుంది కాబట్టి మొదట ఎవరం గుర్తుపట్టలేదు.

పరుగెత్తగలిగేవాళ్లు చేతులెత్తండి అన్నారు పెద్దసారు. చేయి ఎత్తడానికే కొందరికి ఆయాసం వచ్చేలా ఉంది. మాలో పొట్ట లేనివాడు మస్తాన్ ఒక్కడే, కానీ అతను జీపు డ్రైవరు, ఆ జీపు దిగి నాలుగడుగులు వేయగా ఎవరూ చూడలేదు. చివరికి పెద్దసారు చూపు నా మీద ఆగింది. రిటైర్మెంటు దగ్గర పడినవాడు దేనికీ కాదనడు, పెన్షను కాగితాలు కదలాలి. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: డిపార్టుమెంటులో కొత్తవాడికీ, పోబోయేవాడికీ ఒకే పని పడుతుంది.

మర్నాడు ఆ పిల్లల బడికి పోయాను. సునీత మేడం అని ఒక టీచరమ్మ ఆ బడి నడిపేది. నేను కుర్చీలో కూర్చుని, పెద్దమనిషి తరహాలో, ఈ పిల్లలకు ఏమేం వచ్చు మేడం అన్నాను.

"పరుగు వచ్చు సార్" అంది ఆమె. "మీకు?"

అక్కడితో నా తరహా దిగింది. మేధో వైకల్యం అనే మాట నేను అప్పుడే నేర్చుకున్నాను. మా వైపు వాడే మాటలు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ రాయను. స్టేషనులో అందరి చేతా ఆ కొత్త మాట పలికించాను. పెద్దసారు మాత్రం ఆఖరి దాకా "ఆ చిన్నపిల్లలు" అనే అన్నారు. ఆ చిన్నపిల్లల్లో చెన్నమ్మకు ఇరవై దాటాయి.

కాలేజీ మైదానం

చెన్నమ్మది పెద్దారవీడు దగ్గర కొండ కింద పల్లె. తల్లి లేదు. తండ్రి కాశయ్యకు కొంచెం మెట్ట చేను, కొన్ని మేకలు. ఆమె ఆ మేకల వెనకే పెరిగింది. మాటలు తక్కువ, ఉన్న మాటలు కూడా ఒకటి రెండు ముక్కల్లో ముగిసేవి. నవ్వు మాత్రం ధారాళం. నన్ను చూసిన మొదటి రోజే "మామ" అని పిలిచింది. నావీ, నా వెంట పంపిన కానిస్టేబుళ్లవీ పొట్టలు చూసి కూడా నవ్వింది, కానీ అందులో ఎగతాళి లేదు, బొమ్మల దుకాణం ముందు నిలబడ్డ ఆనందం ఉంది.

రోజూ పొద్దున్నే జూనియర్ కాలేజీ మైదానంలో ప్రాక్టీసు. మేము ఒక చుట్టు తిరిగి చెట్టు కింద కూలబడేవాళ్లం. చెన్నమ్మ పరుగు అలాంటిది కాదు. మెడ నిటారుగా, చూపు ముందుకు, చెప్పులు లేకుండా పోయేది. ఆ పరుగు చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది. ఒక్కటే ఇబ్బంది, ఆగదు. గీత దాటింది, మైదానం దాటింది, గేటు దాటి రోడ్డెక్కింది. టీచరమ్మ కేకలు వేస్తూ వెనక పడింది. ఎదురుగా లారీ వస్తోంది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ ఈల తీసి ఊదాను.

ఆగింది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. లారీ మాత్రం ఆగకుండా పక్క నుంచి పోయింది.

ఈల వేస్తే ఆగుతుంది సార్, ఎందుకో మాకూ తెలియదు అంది సునీత మేడం. నాకు మాత్రం ఎందుకో తెలిసిపోయినట్టే అనిపించింది. చట్టం అంటే గౌరవం. ఇన్నాళ్లకు ఒక పౌరురాలు దొరికింది. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, "పోలీసోళ్ల సంగతి ఆ పిల్లకేం తెలుసు పాపం" అంది.

అప్పటి నుంచి నేనే చెన్నమ్మకు కోచ్‌ని. పొడుగ్గా ఒకసారి ఊదితే ఆగాలి. పొట్టిగా రెండుసార్లు ఊదితే పరుగెత్తాలి. మొదటిది నేర్పాల్సిన పనే లేదు. రెండోది నేర్పడానికి కొన్నాళ్లు పట్టింది, ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

కాశయ్య షరతు

గుంటూరులో రాష్ట్ర పోటీలున్నాయి, చెన్నమ్మను పంపాలని టీచరమ్మ ఆశ. దానికి కాశయ్య ఒప్పుకోవాలి. ఒకరోజు ఆయన మైదానం గోడ మీద కూర్చుని, కూతురు పరుగెత్తడం చూసి, దిగి నా దగ్గరికి వచ్చాడు.

"మా ఊర్లో ఒకసారి పరుగు పందెం పెట్టినారు సారూ" అన్నాడు. "మా పాపే ముందు వచ్చింది. వచ్చి ఆగలా. చేన్లకు అడ్డం పడి పోతానే ఉండాది. ఊరు ఊరంతా నవ్వినారు. ఆ పొద్దు నుంచి అది నలుగుర్లోకి రావాలంటే నా పంచె పట్టుకోని ఎనక దాక్కునేది. మళ్ల బడి దాకా తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఆ తర్వాత తన షరతు చెప్పాడు. కాగడా పరుగు రోజు ఆయన బస్టాండు దగ్గర నిలబడి చూస్తాడు. జనం నవ్వకపోతే గుంటూరు పంపిస్తాడు. నవ్వితే అక్కడి నుంచే ఇంటికి తోలుకుపోతాడు, గుంటూరూ ఉండదు, బడీ ఉండదు. తోలుకుపోతానన్న మనిషి గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాకు అదే కష్టంగా అనిపించింది.

"నవ్వరన్నా, మేముంటాం గద" అన్నాను.

పోలీసులు ఉంటే నవ్వరని ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. పోలీసులు పరుగెత్తుతుంటే చూసి కూడా నవ్వకూడదంటే మార్కాపురం జనం ఏం పాపం చేశారు?

తాడు లోపల

పరుగుకు పెద్దసారు తెలిసిన పద్ధతిలోనే ఏర్పాట్లు చేయించారు. అంటే బందోబస్తు. వాళ్లకు మద్దతుగా పరుగు అని ఆర్డరులో ఉంటే, మేము దాన్ని వీఐపీ రాక కింద మార్చుకున్నాం, మాకు వచ్చింది అదొక్కటే. పెద్దలు నడిచే చోట చుట్టూ తాడు పట్టుకోవడానికి కానిస్టేబుళ్లు. బస్టాండు దగ్గర పందిరి. ప్రతి సందు మొదట్లో ఈలతో ఒక మనిషి. ప్లాను అందరం చూశాం. ప్రతి సందుకూ ఒక ఈల అని చదివాం. బాగుందన్నాం. పోలీసుకు ఈల అంటే గోడ మీద బల్లి అరుపు, అది ఎవరికైనా వినపడుతుందన్న ఆలోచనే రాలేదు.

పొద్దున మైదానంలో ఉపన్యాసాలయ్యాయి. కాగడా పెద్దల చేతుల్లో ఉండగా రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లూ మస్తాన్ లైటరుతో వెలిగించాడు, మైకు పట్టుకున్నాయన రెండుసార్లూ పవిత్ర జ్యోతి అన్నాడు. ఫోటోలయ్యాక కాగడా చెన్నమ్మకు ఇచ్చారు. బడిలో మిగతావాళ్లు బస్టాండు పందిట్లో జెండాలతో ఎదురుచూస్తున్నారు. ముందు చెన్నమ్మ, పక్కన నేను, వెనక తాడు లోపల పెద్దసారూ ఊరి పెద్దలూ. రెండు పొట్టి ఈలలు ఊదాను. కదిలింది.

మొదటి సందు దగ్గర మావాడు ఆటోను ఆపుదామని పొడుగ్గా ఈల వేశాడు. ఆటో ఆగలేదు. చెన్నమ్మ ఆగింది.

వెనక వస్తున్న పెద్దసారు ఆమెను తప్పించబోయి తాడు మీద పడ్డారు. ఆయన మీద ఒక నాయకుడు, ఆ నాయకుడి మీద ఇంకొక నాయకుడు పడ్డారు. వాళ్లది వేర్వేరు పార్టీలు. అంత దగ్గరగా వాళ్లను మార్కాపురం ఎప్పుడూ చూడలేదు. అందరినీ లేపి, మళ్లీ పొట్టి ఈలలు ఊదాను. రెండో సందు దగ్గర మళ్లీ ఈల, మళ్లీ ఆగింది, మళ్లీ పడ్డారు. మూడో సందుకు వచ్చేసరికి జనం ముందే చేరి, ఈల కోసం కాచుకుని ఉన్నారు. అంగళ్ల ముందు, మేడల మీద, ఒకటే నవ్వు. చెన్నమ్మ కాగడా ఎత్తిపట్టుకుని నవ్వే జనం వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. అలా ఆమెను నేను అంతకు ముందు చూడలేదు. బస్టాండు కనపడుతోంది. టీ అంగడి బెంచీ ఎక్కి కాశయ్య నిలబడి ఉన్నాడు.

వైర్‌లెస్ సెట్ తీసుకుని, అందరూ ఈలలు జేబులో పెట్టుకోండని చెప్పాను. తాడులో చిక్కుకున్న పెద్దసారు విన్నారు.

"ఈలలు లేకుండా ట్రాఫిక్ ఎట్లయ్యా?" అన్నారు.

"ఉన్నప్పుడు ఎట్లుందో చూస్తానే ఉన్నారు గద సార్" అన్నాను.

పెద్ద అధికారికి ఎదురు మాట చెప్పడం సర్వీసులో అదే మొదలు, అదే ఆఖరు. చెప్పాక ఏమీ కాలేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఇంకాస్త తరచుగా చెప్పేవాణ్ణి.

పెద్దారవీడు రోడ్డు

రెండు పొట్టి ఈలలు ఊదాను. చెన్నమ్మ ఈసారి నడక పరుగు కాదు, మైదానంలో తీసే పరుగే తీసింది. ఈలలు లేని రోడ్డు మీద ఆటోలు వాటంతట అవే పక్కకు తప్పుకున్నాయి. తాడు పట్టుకున్నవాళ్లు తాడు వదిలేశారు. పెద్దలు ఎక్కడివాళ్లు అక్కడ నడుములు పట్టుకున్నారు. బస్టాండు దగ్గర ఇద్దరు రిబ్బను పట్టుకుని నిలబడితే, ఆమె ఆ రిబ్బనుతో సహా పోయింది. పందిట్లో ఆమె బడివాళ్లు జెండాలు ఊపి అరిచారు. జనం నవ్వు ఆపి చప్పట్లు కొట్టారు.

అక్కడ పొడుగు ఈల వేయాల్సింది నేను. నేను చాలా వెనక, ఒక పండ్ల బండిని పట్టుకుని నిలబడ్డాను. ఈల నోట్లోనే ఉంది, ఊదడానికి ఊపిరి లేదు. మిగతా ఈలలన్నీ నా ఆర్డరు ప్రకారం జేబుల్లో ఉన్నాయి. మావాళ్లు నా ఆర్డరు అంత శ్రద్ధగా పాటించడం అదొక్కసారే. చెన్నమ్మ బస్టాండు దాటి, కాగడాతో, పెద్దారవీడు రోడ్డు పట్టి ఇంటి దారిన పోయింది. బెంచీ మీద నుంచి కాశయ్య దూకి ఆమె వెనక పరుగెత్తడం కనిపించింది.

మస్తాన్ జీపు తెచ్చాడు. ఎక్కి, ఊరు దాటుతుండగా ఒక ఈల వినపడింది. పొడుగ్గా, మా ఈలల కంటే గట్టిగా ఉంది. మావాళ్లలో ఎవడికి అంత ఊపిరి ఉందా అని ఆశ్చర్యపోయాను. మలుపు తిరిగితే రోడ్డు మధ్య చెన్నమ్మ ఆగి ఉంది, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. కాశయ్య నోట్లోంచి రెండు వేళ్లు తీస్తున్నాడు. పక్క చేన్లో ఎవరివో మేకలు మేస్తున్నాయి, అవి కూడా తలలెత్తి ఆయన వైపే చూస్తున్నాయి.

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఆగుతున్నది పోలీసు ఈలకు కాదు. కొండ కింద మేకలు తప్పిపోకుండా వాళ్ల నాయన వేసే ఈల అది, పుట్టినప్పటి నుంచి వింటోంది. మా ఆవిడ బియ్యం ఏరుతూ చెప్పిన మాటే నిజం.

మేము జీపు దిగేసరికి కాగడా ఇంకా వెలుగుతోంది. పెద్దల చేతుల్లో నిలవని మంట ఆమె చేతిలో అంత పరుగుకూ ఆరలేదు. కాశయ్య దాంతో బీడీ ముట్టించుకుంటున్నాడు.

"నవ్వినారు సారూ" అన్నాడు.

"నీ బిడ్డను చూసి కాదన్నా. మమ్మల్ని చూసి."

"నాకు తెల్దా? నేను గూడ నవ్వినా, బెంచీ మింద నుంచి పడబోయినా" అన్నాడు. మళ్లీ ముఖం ముడుచుకుంది. "అయినా దానికేం తెల్సు సారూ, ఎవర్ని జూసి నవ్వినారో? దాని మొగం జూసినావు గద నువ్వు. మళ్ల నా ఎనక దాక్కుంటే ఏం జెయ్యాల?"

మొదటి నుంచి ఈ విషయం టీచరమ్మ, కాశయ్య, నేను మాట్లాడుకున్నాం. పెద్దసారు కూడా మాట్లాడారు. చెన్నమ్మను ఎవరం అడగలేదు. అందుకని ఆమె వైపు తిరిగి, గుంటూరుకు పోదామా తల్లీ, నాయనతో ఇంటికి పోతావా అని అడిగాను.

ఆమె తండ్రిని చూసింది, నన్ను చూసింది. కాగడా తండ్రి చేతికిచ్చింది. నా భుజానికి తాడుతో వేలాడుతున్న ఈల అందుకుని లాగింది, నేను ఆమె ముందు వంగాల్సి వచ్చింది. నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి, రెండుసార్లు ఊదింది. పొట్టిగా.

వెనక మస్తాన్ అలవాటు కొద్దీ జీపు ముందుకు కదిలించాడు.

చెన్నమ్మ ఆ జీపును చూసింది. చెయ్యి చూపించి పగలబడి నవ్వింది. కాశయ్య పొగ మింగి దగ్గుతూ నవ్వాడు. నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉండి నవ్వాను, కళ్లు తుడుచుకోవడానికి అది అనుకూలంగా ఉంది.

"ఇంక నేను జెప్పేదేముంది సారూ" అన్నాడు కాశయ్య. "ఆర్డరు అయిపాయె గద."

ఒక ఈల తక్కువ

పెద్దసారు రిపోర్టు పంపించారు. కాగడా పరుగును ముందుగా అనుకున్న బస్టాండు దగ్గర ఆపకుండా గ్రామీణ ప్రాంతాల వైపు కూడా విస్తరించామని అందులో ఉంది. పేపర్లో ఆయన ఫోటో బాగా వచ్చింది, పడక ముందు తీసింది.

గుంటూరులో చెన్నమ్మ మూడో స్థానంలో వచ్చింది. గీత దాటిన చోట కాశయ్య నిలబడ్డాడు. స్టేడియంలో వేళ్లతో ఈల వేస్తే పల్లెటూరోడు అనుకుంటారని ఆయన మొహమాటపడితే, ఆ రోజు లాక్కున్న నా ఈల ఇంకా చెన్నమ్మ దగ్గరే ఉంది కదా, దాన్నే ఊదమన్నాను. ఆగింది. పతకం కంటే నాకు ఆ ఆగడమే ఎక్కువ సంతోషం కలిగించింది.

రిటైరయ్యే రోజు సామాను అప్పగిస్తుంటే స్టోర్సులో కుర్రాడు బెల్టు చూశాడు, టోపీ చూశాడు, ఈల ఏది సార్ అన్నాడు. పెద్దారవీడులో డ్యూటీలో ఉంది అన్నాను. నవ్వాడు కానీ రాసుకోలేదు. నేను రాసుకోమన్నాను.